ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు: ఒక విమర్శ

వాద్యం పాతబడటం వేరు, పలకకుండా పోవటం వేరు. బత్తలపల్లెకు పొరుగునున్న ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి. ఆ ఆటకు తోడయ్యే హార్మోనియాన్ని చేసినవారు ఆ పని మానేసినా పెట్టె మూగబోదు. రీడు చెడితే మార్చవచ్చు, తిత్తి చిరిగితే అతికించవచ్చు. సాఫ్ట్‌వేర్ సింథసైజరుకు ఈ వీలు లేదు.

కేమెల్ ఆడియో సంస్థ తయారుచేసిన ‘ఆల్కెమీ’ని ఉదాహరణగా తీసుకోండి. 2015లో ఆపిల్ ఆ సంస్థను కొన్నది. విడిగా అమ్మటం ఆగిపోయింది. అదే ఏడాది ఆల్కెమీ ఆపిల్ వారి లాజిక్ ప్రోలో భాగంగా వచ్చింది గాని, విండోస్ వాడేవారికి ఆ కొత్త రూపం అందలేదు. 2019లో మ్యాక్ ఓఎస్ కేటలీనా 32-బిట్ ప్రోగ్రాములను వదిలివేసింది. దాంతో 64-బిట్‌కు మారని సింథసైజర్లు అందులో పనిచేయలేదు.

అయితే వీటిని కొనకూడదా? ఆ నాదం మరోచోట దొరకనప్పుడు కొనవచ్చు. కాని ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి: లైసెన్సు మన పేరుకు మారుతుందా? యాక్టివేషన్ ఇంకా జరుగుతోందా? మన కంప్యూటరులో నడుస్తుందా? వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, ఎంత చవకైనా ఆ సొమ్ము దండగే.

కొన్న తరువాత ప్రతి ట్రాకునూ వేవ్ ఫైలుగా కూడా భద్రపరచండి. మిడి ఫైలులో స్వరాల వివరాలే ఉంటాయి, ఆ వాద్యపు నాదం ఉండదు. మనం కొన్నది వాద్యాన్ని కాదు, దాన్ని వాడుకునే అనుమతిని మాత్రమే. ఆ అనుమతి ముగిసినా పాట మిగలాలి.