జాజ్ సంగీతమునకు తొలివాకిలి

జాజ్ క్రొత్తగా వినదలచినవారికి మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'ను సూచించుట పరిపాటియైనది. 1959 మార్చి, ఏప్రిల్ నెలలలో రెండే దినములందు న్యూయార్కులో రికార్డు చేయబడిన ఈ కృతి సులభమని కాదు, నిదానమని ఆ సూచన సమంజసము. 'సో వాట్'లో 16 తాళఖండములు ఒకే స్వరశ్రేణి నిలుచును; పిదప 8 ఖండములు అర్ధస్వరము పైకి జరిగి, మరల దిగును. అందుచే వాదకుని కల్పన క్రొత్త చెవికిని అందును. ఆ శ్రేణి మన ఖరహరప్రియ మేళమునకు సరిపోవును గాని, పోలిక అంతటితో సరి. గమకములు వెదకువారికి ఆశాభంగమే.

అయితే ఈ ప్రశాంతతయే జాజ్ సర్వస్వమనుకొన్న శ్రోత నష్టపోవును. లూయీ ఆర్మ్‌స్ట్రాంగు పాత రికార్డులలోని ఉరుకు, నవ్వు, నృత్యశాలల సందడి ఇందు లేవు. ధ్వని గరగరలాడినను, 1928 నాటి 'వెస్ట్ ఎండ్ బ్లూస్' ఆరంభమున ట్రంపెట్ ఒంటరిగా ఎగసిన ఆ కొద్ది క్షణములను వెంటనే వినవలయును.