మీట మీది వేలు

కోటప్పకొండ తిరునాళ్లకు పోయి బెలూన్ల కొట్టు ముందు ఆగని మగపిల్లవాణ్ణి మా నరసరావుపేటలో నేను చూడలేదు. ప్రభలు చూడ్డానికని ఇంట్లో చెప్పి బయల్దేరతాం, జేబులో డబ్బులు మాత్రం ఆ తుపాకీ దగ్గర అయిపోతాయి. నేనూ ఓసారి వరసగా నాలుగు పగలగొట్టి, ఏడాది పొడుగునా కాలరెగరేసుకుని తిరిగాను. గురి అంటే అది కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఓ షూటింగ్ రేంజిలో ఒకమ్మాయి గంటసేపు పిస్తోలు ఎత్తడం, మీట నొక్కడం, దించడం, మళ్లీ ఎత్తడం చేస్తూ కనిపించింది. టప్‌మన్న చప్పుడే తప్ప గుండు లేదు. ఎదురుగా కాగితం కూడా లేదు, వట్టి తెల్లగోడ. "గుండ్లు అయిపోయాయా అమ్మా?" అని అడిగాను. "ఇంకా మొదలెట్టలేదండీ" అంది.

అసలు విద్యంతా ఆ తెల్లగోడ దగ్గరే ఉంది. దాన్ని డ్రై ఫైరింగ్ అంటారు. గుండు పేలితే కుదుపులో చేసిన తప్పు కలిసిపోతుంది. పేలనప్పుడు మీట నొక్కే వేలు బారెల్‌ను పక్కకు లాగిందా లేదా అన్నది కంటికి నిలువునా కనపడుతుంది. కొందరు గురువులు బారెల్ మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా మీట నొక్కమంటారు. ఇంట్లో బొమ్మ తుపాకీతో ప్రయత్నించాను. నా బిళ్ల మంచం కిందికి దొర్లి ఇప్పటికీ దొరకలేదు.

ఎందుకింత చాదస్తం అంటే లెక్క ఉంది. పిస్తోలు మీద ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం జానెడు, అంటే సుమారు 22 సెంటీమీటర్లు. ఆ జానెడులో ఒక్క మిల్లీమీటరు వంకర వస్తే, 25 మీటర్ల దూరాన గుండు 11 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. అదే చెయ్యి మొత్తంగా, సైట్లు చెదరకుండా ఒక సెంటీమీటరు పక్కకు ఊగితే గుండు తప్పేదీ ఒక సెంటీమీటరే. అందుకే చెయ్యి వణికిందని కంగారుపడేవాడు కొత్తవాడు, సైటు వంకరపోయిందేమోనని చూసుకునేవాడు ఆటగాడు. కన్ను ఒకేసారి దగ్గరా దూరమూ స్పష్టంగా చూడలేదు కాబట్టి చూపు ముందు సైటు మీద నిలపాలి. లక్ష్యం మసగ్గా ఉండనివ్వాలి. కొట్టాల్సినదాన్ని మసగ్గా వదిలెయ్యమంటే ఏ పల్నాటివాడికి మింగుడుపడుతుంది?

ఇక వేగం. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ అని ఒకటుంది. పక్కపక్కన ఐదు లక్ష్యాలు, ఒక్కోదానికి ఒక్క గుండు. మొదట 8 సెకన్లు ఇస్తారు, తర్వాత 6, ఆ తర్వాత 4. పిస్తోలు ముందే గురిపెట్టి ఉంచకూడదు. చెయ్యి 45 డిగ్రీల కిందికి దించి, పచ్చ దీపం కోసం చూడాలి. నాలుగు సెకన్లలో దాదాపు సగం, చెయ్యి లేచి మొదటి గుండు పేలడానికే సరి. గొప్పవాళ్లు అక్కడ తొందరపడరు. చెయ్యి లేస్తుండగానే మీట మీద బరువు కొంచెంకొంచెంగా పెంచుకుంటూ వస్తారు, సైటు లక్ష్యాన్ని చేరేసరికి మిగిలేది వెంట్రుకవాసి ఒత్తిడే. అక్కణ్ణుంచి నడుము తిరుగుతుంది, మణికట్టు తిరగదు. ఐదు చప్పుళ్లూ మృదంగం మీద దరువు పడ్డట్టు సమానంగా వినపడాలి. ఒక చప్పుడు ఆలస్యమైందంటే అక్కడ మనసు ఆగి లెక్కలేసుకుందన్నమాట. ఆ లయ కోసం ముందు 8 సెకన్ల వరస వందలసార్లు తప్పులేకుండా చేసి, తర్వాతే 6కూ 4కూ దిగుతారు. ఇక్కడ నిదానమే వేగానికి పునాది.

రైఫిలు అభిమానులు నన్ను క్షమించాలి. బిగుతు కోటు, బెల్టు, రెండు చేతులు, భుజం ఆసరా అన్నీ ఉన్నవాడికీ, ఒంటిచేత్తో చాచి నిలబడ్డవాడికీ పోలికేమిటి? మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చినప్పుడు నేనూ టపాకాయలు కాల్చాను. అయినా నా ఓటు పిస్తోలుకే.

ఈ ఆయుధం పేరు ఇటలీలో ఓ ఊరి నుంచి వచ్చిందని కొందరు, చెక్ భాషలో పిల్లనగ్రోవి మాట అని కొందరు అంటారు. ఏదైతేనేం, 1896లో తొలి ఒలింపిక్స్‌లోనే పిస్తోలు పోటీ ఉంది. చెప్పాల్సిన కథ కరోలీ టకాచ్‌ది. హంగరీ సైనికుడు. 1938లో చేతిలో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోయింది. గురిపెట్టే చెయ్యే అది. ఎడమచేత్తో మళ్లీ ఓనమాలు దిద్ది 1948 లండన్‌లో, 1952 హెల్సింకీలో ర్యాపిడ్ ఫైర్ స్వర్ణాలు గెలిచాడు.

అంతదూరం దేనికి? మా గుంటూరు కుర్రాడు నేలవల్లి ముకేష్ 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో 25 మీటర్ల పిస్తోలులో 600కి 585 కొట్టి స్వర్ణం పట్టుకొచ్చాడు. 60 గుండ్లలో జారిపోయినవి 15 పాయింట్లే! 2022లో పల్నాడు వేరే జిల్లా అయినంత మాత్రాన గుంటూరువాడు మాకు పరాయివాడవుతాడా? హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 13 ఏళ్లకే, 2018లో, పెద్దల విభాగంలో జాతీయ విజేత. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం. ఆ పోటీలో సగం గుండ్లకు పచ్చ దీపం మూడే సెకన్లు వెలిగి ఆరిపోతుంది, ఏడు సెకన్లు ఆగి మళ్లీ వెలుగుతుంది. ఆ ఏడు సెకన్లలో పోయిన గుండును మరిచిపోవడం పెద్ద విద్య.

ఇప్పుడు నా కడుపుమంట. పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ ఆటగాడు యూసుఫ్ డికేచ్ జేబులో చెయ్యి పెట్టుకుని కొట్టిన ఫోటో చూసి, మావాళ్లంతా నిర్లక్ష్యమే గొప్పతనమనుకున్నారు. జేబులో చెయ్యి పిస్తోలు ఆటగాళ్లలో మామూలే, ఖాళీచెయ్యి ఊగితే ఒళ్లు ఊగుతుందని. సినిమాల్లో మన హీరోలు రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లు అడ్డంగా తిప్పి పదిమందిని కూలుస్తారు. అడ్డంగా తిప్పితే సైటు దేనికి, అలంకారానికా? అది చూసిన కుర్రాళ్లు రీల్స్ చేస్తున్నారు. మూడు నెలల్లో రాష్ట్రస్థాయి పతకం అని బోర్డు పెట్టిన ఓ శిక్షణ కేంద్రానికి మా బంధువుల అబ్బాయిని నేనే తీసుకెళ్లాను. నిలబడ్డం నేర్పకుండానే లక్షల పిస్తోలు కొనిపించారు. వాడికి రాత్రికి రాత్రి పది కొట్టాలి, వాళ్లకు రాత్రికి రాత్రి ఫీజు రావాలి. పిస్తోలు ఇప్పుడు బీరువాలో ఉంది.

మా పల్నాడు పేరు చెప్పగానే బయటివాళ్లకు నాటుబాంబులూ, మాచర్ల గొడవలూ గుర్తొస్తాయి. కానీ ఇక్కడ కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఆయుధాలకు దణ్ణం పెట్టే జనం ఉన్నారు. జొన్నచేలో వడిసెలతో పిట్టలను తోలిన తాతలున్నారు. ఎయిర్ పిస్తోలుకు కావలసిన దూరం పది మీటర్లు, ఓ హైస్కూలు వరండా పొడుగు. గురజాలలోనో నరసరావుపేటలోనో ఒక్క వరండా చివర ఇసుక బస్తాలూ ఇనప రేకూ పెట్టి, తాళమేసే పెట్టె, నియమం తెలిసిన గురువు, చేతులు కట్టుకుని కూర్చునే క్రమశిక్షణ ఏర్పాటు చేయించండని కలెక్టరు గారికి అర్జీ రాసి ఉంచాను. మొదటి ఆర్నెల్లూ గుండ్లు అక్కర్లేదని కూడా అందులో రాశాను. తెల్లగోడ చాలు.