మోహన క్షమ – ఔచిత్య విచారము

ప్రణయమానము, ఈర్ష్యామానము అని మానము ద్వివిధము. వీనిలో రెండవదానిని ధనంజయుడు దశరూపకమున స్త్రీలకే చెప్పెను. అలుగునది నాయిక, అనునయించువాడు నాయకుడు. పారిజాతాపహరణమున సత్యభామ అలుక ఇందులకు లక్ష్యము. నాయకుడే ఈర్ష్యాళువైనచో క్షమించు భారము నాయికపై పడును. ఆ క్షమ విశ్వసనీయమగుటెట్లు?

కొత్తమంగళం సుబ్బు నవల ననుసరించి ఎ.పి. నాగరాజన్ 1968లో నిర్మించిన తమిళ చిత్రము ‘తిల్లానా మోహనాంబాళ్’ ఈ ప్రశ్నకు రెండు విధముల సమాధానమిచ్చుచున్నది. నాదస్వర విద్వాంసుడు షణ్ముగసుందరము (శివాజీ గణేశన్) నర్తకి మోహనను (పద్మిని) వలచియు, ధనికుల దృష్టి ఆమెపై పడినపుడు ఆమెనే శంకించును. అతడు కత్తిపోటుకు గురియైన పిదప జరిగిన కచేరిలో ఆమె నాట్యము చేయుచు, అభినయముననే అతని క్షేమమడుగును. అతని నాదస్వరమే ఆ నాట్యమునకు ఆధారము. ఇచట క్షమావాక్యము లేదు, అవసరమును లేదు. ఆమె వలచినది అతని విద్యను. ఆ విద్య యెదుట అతని శంక అల్పమగును. ఈ క్షమ పాత్రస్వభావమునుండి పుట్టినది, కావున నమ్మదగినది.

మదన్‌పూరు ఘట్టము అట్టిది కాదు. నాయకుడు మరల శంకించును. నాయిక ప్రాణత్యాగమునకు పూనుకొన్న పిదపగాని అతడు నమ్మడు. అతనికి లభించినది నిదర్శనము; కలిగినది స్వభావపరివర్తనము కాదు. పాతివ్రత్య సంప్రదాయమని దీనిని సమర్థింపవచ్చును. కాని సంప్రదాయము క్షమను శ్లాఘించునేగాని దానికి హేతువును కల్పింపదు. ఇంతలో వివాహముతో కథ ముగియును. మొదటి క్షమ మోహనది, రెండవది కథకునిది.