పిట్టలదొర గొప్పలు: యాచకుని హాస్యంలో అధికార విమర్శ

నిజాం రాజ్యం నడుమ బ్రిటిషు పాలనలో ఉండిన మునగాల పరగణాకు నడిగూడెం జమీందారీ కేంద్రం. కోట, దొరతనం అక్కడి ప్రజలకు నిత్యానుభవాలు. తెలంగాణ పల్లెల్లో ఖాకీ దుస్తులు, టోపీ, కట్టెతుపాకితో వచ్చే పిట్టలదొర (లత్కోర్‌సాబ్) హాస్యాన్ని ఇటువంటి నేపథ్యంలో చదవాలి. అతడు లేని మేడలను, ఏలని ఊళ్లను వర్ణించి, చివరకు పిడికెడు బియ్యం అడుగుతాడు. ఈ వైరుధ్యాన్ని కేవలం వినోదంగా వర్గీకరించడం అసమగ్రం. అతని కోతల్లో నవ్వులపాలయ్యేది పేదరికం కాదు, దొరతనం. చిరిగిన కోటుతోనే దొర కాగలిగినప్పుడు అధికారమూ ఒక వేషమేనని ప్రేక్షకుడు గ్రహిస్తాడు. యాచక కళగా మాత్రమే నమోదు చేస్తే ఈ వివేచన మరుగున పడుతుంది. కనుక ఆ బియ్యాన్ని భిక్షగా గాక, విమర్శకు దక్కిన ప్రతిఫలంగా పరిగణించాలి.