అతుకు కాదు, కర్రే విరగాలి

అతికించిన దూలం అనగానే చాలామందికి అనుమానం. మేకో బోల్టో కంటికి కనబడితే తప్ప నమ్మకం కుదరదు. ఈ పని చేసేవాళ్ల నేర్పుకు అది అన్యాయం.

కర్ర బలమంతా నారల వెంటే ఉంటుంది. పలకల పక్కలు కలిపితే జిగురు గట్టిగా పట్టుకుంటుంది. అడ్డంగా కోసిన కొసలను ఎదురెదురుగా అంటిస్తే మాత్రం నిలవదు. తెరుచుకున్న నారలు జిగురును పీల్చేస్తాయి. అందుకే కొసలను సన్నని వేళ్లలా ఏటవాలుగా కోసి ఒకదానిలో ఒకటి దూరుస్తారు. అదే ఫింగర్ జాయింట్. కొస కాస్తా వాలు పక్కలుగా మారిపోతుంది, అతికే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎంత చక్కని ఆలోచన!

పలకలు పేర్చి అతికించి వంపు దూలాలు చేసే పద్ధతికి 1906లో జర్మనీలో ఓటో హెట్జర్ పేటెంటు పొందాడు. అప్పటి జిగురు పాలలోని కేసిన్‌తో చేసింది, తడికి ఓర్వలేదు. రిసార్సినాల్ వంటి కృత్రిమ జిగుర్లు ఆ లోటు తీర్చాయి. నార్వేలోని హామర్‌లో 1994 ఒలింపిక్స్ స్కేటింగ్ హాలు కప్పును మోసేవి ఇలాంటి కమానులే.

నా గౌరవమంతా మాత్రం జిగురు రాయడానికి ముందు జరిగే పనికి. కర్ర తేమ సరిచూడాలి. చిత్రిక పట్టాక దుమ్ము, నూనె సోకకముందే అంటించాలి. అంతటా సమంగా బిగించి, గట్టిపడేదాకా కదపకూడదు. తర్వాత నమూనాను విరగ్గొట్టి చూస్తారు. చీలిక జిగురు గీత వెంట నున్నగా సాగితే పని చెడినట్టే. రెండు వైపులా కర్ర నారలే చిరిగి కనిపిస్తే ఆ అతుకు పాసైనట్టు.