రోదసిలో వర్తకం: ఓనీల్ గ్రంథం - ఒక పరిశీలన

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యుడైన జెరార్డ్ ఓనీల్ 1969లో తన మొదటి సంవత్సరపు విద్యార్థుల ముందు ఒక ప్రశ్న ఉంచినాడు. యంత్రవిద్యతో నానాటికి విస్తరించే నాగరికతకు గ్రహతలమే తగిన నివాసమా అన్నది ఆ ప్రశ్న. తరగతిలో వేడుకగా మొదలైన లెక్కలు 1974లో 'ఫిజిక్స్ టుడే' పత్రికలో వ్యాసమై, మరి రెండు మూడేండ్లకు 'ది హై ఫ్రాంటియర్' అనే గ్రంథమైనవి. భూమికి వెలుపల పరిశ్రమలు, వర్తకం, ఉద్యోగాలు అని ఈనాడు మాట్లాడేవారు ఈ గ్రంథాన్ని ఇంకను తలచుకొంటారు. అమెజాన్ సంస్థాపకుడు జెఫ్ బెజోస్ 2019లో చేసిన ప్రసంగంలో ఓనీల్ పేరు చెప్పి, ఆయన ఊహించిన స్థూపాల చిత్రాలనే చూపినాడు. కావున ఈ గ్రంథాన్ని మరల తూచి చూడడం అవసరం.

భౌతికశాస్త్రం వరకు ఓనీల్‌లో తప్పు పట్టుటకు అంతగా లేదు. ఆయన ప్రతిపాదించిన పెద్ద నివాసం 32 కిలోమీటర్ల పొడవు, 6.4 కిలోమీటర్ల వ్యాసం గల స్థూపం. ఇటువంటివి రెండు జంటగా, ఒకదానికొకటి వ్యతిరేకదిశలో తిరుగుతూ ఉంటవి. లోపలి గోడపై నిలిచిన మనిషికి భూమిమీది బరువే తోచవలెనన్నచో స్థూపం ఎంత వేగంతో తిరగవలె? కోణీయ వేగవర్గాన్ని వ్యాసార్ధంతో గుణించినచో 9.8 రావలెను. లెక్క కట్టి చూచినచో ఒక చుట్టుకు 114 సెకండ్లు, రెండు నిమిషాలకు కొంచెం తక్కువ. ఉన్నత పాఠశాల విద్యార్థి కాగితంమీద సరిచూచుకొనదగిన లెక్క ఇది. గ్రంథమంతా ఇట్టి నిజాయితీతో నడచినది. మధ్యమధ్య రోదసి నివాసులు వ్రాసినట్టు కల్పించిన ఉత్తరాలు మాత్రం కొంత ప్రచారపత్రం వాసన వేస్తవి.

ఓనీల్ నిజమైన ప్రతిభ మరొకచోట ఉన్నది. ఇంత పెద్ద ఊరు కట్టినచో దాని అప్పు తీరేదెట్లు? అక్కడి జనం భూమికి ఏమి అమ్ముతారు? విద్యుచ్ఛక్తి అని ఆయన సమాధానం. కక్ష్యలో సౌరఫలకాలు పరచి, ఆ శక్తిని సూక్ష్మతరంగాలుగా మార్చి భూమికి పంపవచ్చునని పీటర్ గ్లేసర్ 1968లోనే సూచించినాడు. ఓనీల్ దానిని తన పట్టణానికి జీవనోపాధిగా చేసినాడు. ఈ సరుకుకు బరువు లేదు. దింపుటకు ఓడ అక్కరలేదు. నిజానికి కక్ష్యలో లాభం తెచ్చిన మొదటి వ్యాపారంకూడ ఇట్టిదే. 1965లో ఎగిరిన 'ఎర్లీబర్డ్' ఉపగ్రహం అట్లాంటిక్ మహాసముద్రంమీదుగా అమ్మినది టెలిఫోను సంభాషణలనే.

లెక్క తప్పినది ఖర్చుల దగ్గర. భూమినుండి పలాయనవేగం సెకండుకు 11.2 కిలోమీటర్లు, చంద్రునినుండి 2.4 మాత్రమే. వేగాల వర్గాలను పోల్చినచో చంద్రునినుండి సరుకు ఎత్తుటకు ఇరవై రెండవ వంతు శక్తి చాలును. కావున లోహం, మట్టి అన్నీ చంద్రునినుండి తేవలెనని ఓనీల్ వాదం. వాదం సొగసైనదే. కాని ఒక కిలోగ్రాముకు 11.2 కిలోమీటర్ల వేగమిచ్చుటకు కావలసిన శక్తి ఎంత? సుమారు 6 కోట్ల 27 లక్షల జౌళ్లు. అనగా మన ఇంటి మీటరులో 17 యూనిట్లకు కొంచెం ఎక్కువ. ఇంత స్వల్పమైన శక్తికి వేలకొలది డాలర్లు ఎందుకైనవి? ఖర్చు శక్తిలో లేదు. తన ఇంధనాన్ని తానే మోసుకొని పోవలసిన యంత్రంలోను, దానిని సిద్ధపరచే మనుషుల శ్రమలోను ఉన్నది. చంద్రునిపై మట్టిని విద్యుత్తుతో విసరే యంత్రానికి ఆ ఇంధనభారం లేదన్నది నిజమే. ఐతే ఆ యంత్రాన్ని, దానిని నడిపే మనుషులను మొదట భూమినుండే ఎత్తవలెను గదా! దానికి ఓనీల్ నమ్ముకొన్నది స్పేస్ షటిల్ తెచ్చునన్న చౌక ప్రయాణాలను. ఏడాదికి పదులకొలది ఎగురునన్న షటిల్ 1985లో తొమ్మిదిసార్లు ఎగిరినది. అదే దాని గరిష్ఠం.

సరుకు విషయమైనను పరిశీలించవలె. కక్ష్యలో చదరపు మీటరుకు 1.36 కిలోవాట్ల ఎండ, రాత్రి దాదాపుగా లేదు. రోజుకు 32 యూనిట్ల పైచిలుకు. రాయలసీమలో అదే చదరపు మీటరుకు రోజుకు 5 నుండి 6 యూనిట్లు. ఆరు రెట్ల లాభం కనబడుతున్నది. మార్పులలో, ప్రసారంలో సగం పోయినదనుకొన్నచో మిగిలినది మూడు రెట్లు. అంటే రాకెట్టు కూలి, రోదసిలో మరమ్మతు అన్నీ కలిపినను ఫలకం ఖరీదు నేలమీది ఫలకానికి మూడింతలు దాటరాదు. నేలమీద రాత్రికోసం బ్యాటరీలు కావలెననుట నిజం. ఆ ఖర్చు కలిపినను తూనిక అంతగా మారదు. కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సౌరక్షేత్రం రాకెట్టు లేకుండానే వెలసినది.

కక్ష్యలో వస్తువులు చేసి దింపవలెనన్న ప్రయత్నాలూ జరిగినవి. 1984, 1985లలో మెక్డోనెల్ డగ్లస్ సంస్థ తన ఇంజనీరు ఛార్లెస్ వాకర్‌ను షటిల్‌లో మూడుసార్లు పంపి, విద్యుత్‌క్షేత్రంతో ఔషధద్రవ్యాలను శుద్ధి చేయించినది. ఇంతలో జన్యుసాంకేతికవిద్య ఆ పనిని నేలమీదనే సాధించినది. 2024లో వార్డా సంస్థ గుళిక రిటొనవిర్ అనే మందు స్ఫటికాలతో యూటా ఎడారిలో దిగినది. అది శుభారంభమే, బజారు ఇంకా కాదు.

ఓనీల్ పక్షాన ఒక మాట చెప్పవలె. 2017లో వాడిన రాకెట్టు మొదటి అంచెను ఫాల్కన్-9 మరల ఎగురవేసిన తరువాత రవాణా ధర నిజంగానే దిగినది. ఆయన కోరిన నిచ్చెనలో మొదటి మెట్టు ఆలస్యంగానైనా పడినది. ఐనను ఆ చౌకలో ఎక్కుతున్నవి పట్టణాలు కావు, ఇంటర్నెట్టు ఉపగ్రహాలు. 2022 అక్టోబరులో మన శ్రీహరికోటనుండి ఒక్కసారిగా ఎగిరిన 36 వన్‌వెబ్ ఉపగ్రహాలుకూడ ఆ జాతివే. ఈ రద్దీకి ప్రమాదం ఉన్నది: 2009లో ఇరిడియం-33, కాస్మోస్-2251 అనే ఉపగ్రహాలు ఢీకొని వేలకొలది ముక్కలైనవి.

గ్రంథంలో స్థూపం లెక్కను, చంద్రుని లెక్కను తరగతిలో చేయించదగును. ఖర్చుల అధ్యాయం వచ్చినప్పుడు విద్యార్థుల చేత ఈనాటి ధరలు వేయించి, ఎన్ని రెట్లు తేడా వచ్చినదో వారినే చెప్పమనవలె.