దట్టీ బిగించే ముందు

కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, గుండెల నిండా గాలి పీల్చి బిగపడితే ఆ గొలుసు తెగిపోయేదని మా ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సొంత సర్కస్‌తో ఊరూరా తిరిగిన ఆ మల్లుడు ప్రాణాయామాన్ని కండబలంతో సమానంగా చూశారు. నడుం నొప్పి ఉన్నవాళ్లు నేల మీది బార్‌ను పైకెత్తే డెడ్‌లిఫ్ట్ చేసేటప్పుడు బెల్టు పెట్టుకోవాలా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ గొలుసే గుర్తొస్తుంది. బెల్టు మర్మం కూడా అక్కడే ఉంది. లోపల గాలి, బయట కట్టు.

మా ఊరి రైసుమిల్లులో ధాన్యం బస్తాలు మోసే కళాసీలు తువ్వాలును మెలిపెట్టి నడుముకు దట్టీలా బిగించేవారు. బస్తా వీపు మీద పడే క్షణానికి ముందు ‘హుఁ’ అని ఊపిరి పట్టేవారు. చిన్నప్పుడు నా కళ్లు దట్టీ మీదే ఉండేవి. ఆ ‘హుఁ’ ఎందుకో అర్థం కావడానికి నా నడుం దెబ్బతినాల్సి వచ్చింది.

నడుం దగ్గర వెన్నెముకకు పక్కటెముకల అండ ఉండదు. ఐదు పూసలు, వాటి మధ్య మెత్తటి డిస్కులు, చుట్టూ కండరాలు, అంతే. కానీ వాటి ముందు కడుపు ఉంది. దానికి పైమూత డయాఫ్రమ్, అడుగున కటి కండరాలు, చుట్టూ పొట్ట కండరాలు. గాలి పీల్చి ఆ గోడలన్నిటినీ ఒకేసారి బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి నడుం గట్టిపడుతుంది. గాలి నిండిన లారీ టైరు టన్నుల బరువు మోస్తుంది, గాలి పోతే అదే టైరు చదునైపోతుంది. బెల్టు చేసే పనల్లా పొట్ట నెట్టడానికి ఒక గోడ ఇవ్వడం. డెడ్‌లిఫ్ట్ చేసేవాళ్ల కడుపులో ఒత్తిడిని పరిశోధకులు కొలిచినప్పుడు, అదే బరువుకు బెల్టుతో ఎక్కువ ఒత్తిడి కనిపించింది. పొట్టతో నెట్టకుండా ఊరికే బిగించుకున్న బెల్టు మాత్రం నడుముకు చుట్టిన తోలుముక్కే.

వెన్ను వెనక నుంచి బెల్టు ఆసరా ఇస్తుందని చాలామంది నమ్మకం. దుకాణాల్లో వెనక వెడల్పుగా, ముందు సన్నగా ఉండే బెల్టులు ఎక్కువగా అమ్ముడుపోయేది అందుకే. నిజానికి గోడ కావాల్సింది ముందు, పక్కలా, వెనకా అన్నివైపులా. అందుకే పవర్‌లిఫ్టింగ్ చేసేవాళ్లు చుట్టూ ఒకే వెడల్పున్న తోలుబెల్టు వాడతారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాని వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. మెడికల్ షాపులో దొరికే ఎల్.ఎస్. బెల్టు వేరే వస్తువు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో అటూ ఇటూ వంగకుండా గుర్తుచేయడానికి డాక్టర్లు ఇస్తారు. దాన్ని కట్టుకుని వంద కిలోల బార్ దగ్గరికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

కట్టే పద్ధతికి వస్తే, కింది పక్కటెముకలకూ తుంటి ఎముకలకూ మధ్య ఖాళీలో బెల్టు కూర్చోవాలి. స్క్వాట్‌కు పెట్టే చోటుకంటే డెడ్‌లిఫ్ట్‌కు ఒక వేలెడు పైకి జరిపితే, వంగినప్పుడు తుంటికి ఒరుసుకోదు. కడుపు లోపలికి పీల్చి బిగదీయడం చాలామంది చేసే తప్పు. అలా చేస్తే గాలి పట్టడానికి చోటే మిగలదు. మామూలుగా నిలబడినప్పుడు పొట్టకూ బెల్టుకూ మధ్య వేలు కాస్త కష్టంగా దూరాలి. గాలి పీల్చేటప్పుడు భుజాలు పైకి లేస్తే ఆ గాలి ఛాతీలోనే ఆగిపోయిందని లెక్క. పొట్ట ముందుకే కాక పక్కలకూ, వీపు వైపుకూ ఉబ్బాలి. తెలియకపోతే బొటనవేళ్లు వెనక్కి, మిగతా వేళ్లు ముందుకు పెట్టి నడుం పట్టుకోండి. గాలి పీల్చినప్పుడు అన్ని వేళ్లూ బయటికి కదలాలి. ఆ తర్వాత ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు బిగించాలి. బార్‌లో ఉన్న కొద్దిపాటి వదులు లాగేసి, కాళ్లతో నేలను కిందికి తొక్కుతూ లేవాలి. నిటారుగా నిలబడ్డాకే ఊపిరి వదలాలి. సెట్ అయిపోగానే బెల్టు వదులు చేసేయాలి.

ఇదంతా బెల్టు లేకుండా వచ్చినవాడికే బెల్టుతో వస్తుంది. నడుం సమస్య ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

బార్ మోకాలి కింది ఎముకకు ఎంత దగ్గరగా ఉందన్నది బెల్టుకంటే పెద్ద విషయం. వెన్నును నిలబెట్టే కండరాలు పూసల వెనక దాదాపు 5, 6 సెంటీమీటర్ల దూరం నుంచి లాగుతాయి. చేతిలోని బరువు నడుం పూసలకు 40 సెంటీమీటర్ల ముందు వేలాడితే, ఆ కండరాలు దానికి ఏడెనిమిది రెట్ల బలంతో లాగాలి. ఆ లాగుడంతా డిస్కుల మీద ఒత్తిడిగా పడుతుంది. బార్ ముందుకు జరిగిన ప్రతి సెంటీమీటరుకూ ఈ భారం పెరుగుతుంది. దాన్ని ఏ బెల్టూ తగ్గించలేదు.

అమెరికాలో 1990ల నాటికి గోదాముల్లో, దుకాణాల్లో బరువులు మోసేవాళ్లు నడుం బెల్టులు కట్టుకోవడం మామూలైపోయింది. అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1994లో ఆధారాలన్నీ చూసి, ఆరోగ్యంగా ఉన్న కార్మికుడికి బెల్టు గాయాన్ని ఆపుతుందనడానికి రుజువు లేదని తేల్చింది. తర్వాత 160 దుకాణాల్లో 9 వేలమందికి పైగా ఉద్యోగులను గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలోనూ బెల్టు తప్పనిసరి చేసిన చోట నడుం నొప్పి గానీ గాయాలు గానీ తగ్గలేదు. రోజంతా కట్టుకునే బెల్టు వేరు, కొద్ది సెకన్ల పాటు ఊపిరితో కలిపి వాడే బెల్టు వేరు. ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా బెల్టు ఉంది కదా అని ధైర్యంగా ఇంకో ప్లేటు ఎక్కించే మనసు రెండు చోట్లా ఒకటే, నొప్పి ఉన్నవాడిని ముంచేదీ అదే.

నడుం సమస్య అనేది ఒక జబ్బు పేరు కాదు. నిన్నటి పనికి పట్టేసిన కండరం వేరు. పిరుదు నుంచి పిక్కలోకి కరెంటులా లాగే నొప్పి వేరు, అక్కడ నరం నొక్కుకుంటూ ఉండొచ్చు. పూస ముందుకు జారడం, ఎముకలు గుల్లబారడం ఇంకా వేరు. కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టుతప్పినా బార్‌నూ బెల్టునూ వదిలేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మరోవైపు ఎం.ఆర్.ఐ. కాగితంలో ‘డిస్క్ బల్జ్’ అని చూసి జీవితాంతం వంగకూడదని మంచం పట్టేవాళ్లూ ఉన్నారు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లను కలిపి చూసిన 2015 నాటి ఒక సమీక్షలో ఇరవయ్యేళ్లవాళ్లలోనే 30 శాతం మందికి, ఎనభయ్యేళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. కాగితం చూసి కుంగిపోవద్దు. నొప్పి ఎప్పుడు, ఏ కదలికకు వస్తోందో గమనించి ఫిజియోథెరపిస్టుకు చెప్పండి.

డెడ్‌లిఫ్ట్ నడుముకు శత్రువని కూడా నేను ఒప్పుకోను. స్వీడన్‌లో నడుం నొప్పి ఉన్న 70 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఎనిమిది వారాలు డెడ్‌లిఫ్ట్ నేర్పారు, రెండో జట్టుకు తేలికపాటి కండర నియంత్రణ వ్యాయామాలు చేయించారు. రెండు జట్లలోనూ నొప్పి తగ్గింది. అయితే మొదటి నుంచీ నొప్పి తీవ్రంగా, వీపు కండరాలు బలహీనంగా ఉన్నవాళ్లకు డెడ్‌లిఫ్ట్ అంతగా పనికిరాలేదు. అలాంటివాళ్లు కిందిమెట్టు నుంచి రావాలి. చేతుల్లో సంచులున్నప్పుడు తలుపును పిరుదుతో వెనక్కి నెడతామే, ఆ కదలికతో మొదలుపెట్టాలి. తల వెనక, భుజాల మధ్య, నడుం కింద తాకేలా వీపు మీద ఒక కర్ర పెట్టుకుని, ఆ మూడు చోట్లా కర్ర వదలకుండా వంగాలి. అది కుదిరాక పది కిలోలు, అదీ నేల మీంచి కాకుండా మోకాలి ఎత్తులో పెట్టి ఎత్తాలి.

రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. కెనడాలో 1985లో బాడీబిల్డర్లు లెగ్‌ప్రెస్ చేస్తుండగా ధమనిలో నేరుగా కొలిస్తే రక్తపోటు సగటున 320/250కి ఎగబాకింది. ఊపిరి బిగపట్టడంలో ఉన్న బలమూ ప్రమాదమూ అదే. 2016లో స్ట్రాంగ్‌మన్ ఎడీ హాల్ ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో బెల్టుతో 500 కిలోలు ఎత్తినప్పుడు ముక్కులోంచి రక్తం కారింది. 2009లో లాట్వియా లిఫ్టర్ కాన్‌స్టాంటినోవ్స్ బెల్టే లేకుండా 426 కిలోలు ఎత్తాడు. వీళ్లిద్దరిలో ఎవరూ నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఆదర్శం కారు.

నా నడుం ఆరేళ్ల కిందట పట్టేసింది. బెల్టు ఉందన్న నమ్మకంతో, అలసిపోయాక కూడా ఇంకో రెప్ చేసిన సాయంత్రం అది. నాలుగు నెలలు కర్రతోనూ ఖాళీ బార్‌తోనూ గడిపాను. మొన్న ఆదివారం 110 కిలోల దాకా బెల్టు ముట్టుకోలేదు, వీపు మాట వింటోందో లేదో నాకు తెలియాలి. 130 ఎక్కించాక కొక్కెం మీంచి బెల్టు తీసి, వేలు దూరేంత చోటు వదిలి బిగించాను. పొట్ట నిండా గాలి పట్టాను. నోట్లోంచి వచ్చిన చప్పుడు రైసుమిల్లు కళాసీల ‘హుఁ’ లాగే ఉంది. మూడు రెప్‌లు చేశాను. నాలుగోది వస్తుందనిపించింది, కానీ బార్ దించి బెల్టు విప్పేశాను.